పది లక్షల ఆంపియర్ల యంత్రం మన విద్యార్థులకూ అందాలి

ఐదున్నర యూనిట్లు. కరెంటు బిల్లులో ఇదేమంత పెద్ద అంకె కాదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, ఆల్బుకెర్కీ నగరంలో శాండియా జాతీయ ప్రయోగశాల ఉంది. అక్కడి ‘జెడ్’ యంత్రం ఒక్కో ప్రయోగానికి కెపాసిటర్లలో నింపుకొనే విద్యుత్తు ఇంచుమించు అంతే, రెండు కోట్ల జౌళ్లు. తేడా అంతా దాన్ని ఖర్చుపెట్టే తీరులో ఉంది. అది ఆ విద్యుత్తును సెకనులో కోటో వంతు కాలంలోకి కుదించి, 2.6 కోట్ల ఆంపియర్ల కరెంటుగా దారపుకండె అంత లోహపు గూటిలోకి పంపిస్తుంది. మామూలు పిడుగులో ఉండేది 30 వేల ఆంపియర్లు. ఆ గూడు నలిగిపోయి వెలువరించే ఎక్స్‌రేల శక్తి 350 టెరావాట్ల దాకా వెళ్తుంది. భూమ్మీది విద్యుత్ కేంద్రాలన్నీ కలిపి సగటున ఉత్పత్తి చేసేది మూడున్నర టెరావాట్లే. అంటే కొన్ని నానోసెకన్ల పాటు ఆ గదిలో ప్రపంచ విద్యుత్తుకు వంద రెట్లు వెలుగుతుంది.

కేంద్రక సంలీనం (ఫ్యూజన్) గురించి మన పత్రికల్లో రాసినప్పుడల్లా రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి ఫ్రాన్సులో కడుతున్న ఇటర్ వంటి టోకమాక్. రెండోది లేజర్. ఈ మూడో దారి, విద్యుత్ పల్సుల (పల్స్‌డ్ పవర్) దారి, ఎక్కడా కనిపించదు. ఇంజనీరింగ్ కాలేజీలో హైవోల్టేజి పాఠాలు చెబుతూ, ల్యాబు చూసుకుంటూ ఉద్యోగ జీవితమంతా గడిపిన నాకు ఇది బాధగానే ఉంటుంది. ఎందుకంటే మూడింటిలోనూ మన పిల్లల చేతికి అందే దారి ఇదే. కెపాసిటర్లు, స్పార్క్‌గ్యాపులు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు, ట్రాన్స్‌మిషన్ లైన్లు: ఇవన్నీ బీటెక్ ఎలక్ట్రికల్ సిలబస్‌లో ఉన్నవే.

జెడ్ యంత్రానికి ప్రాణం మార్క్స్ జనరేటర్. జర్మన్ ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ 1920లలో కనిపెట్టిన సర్క్యూట్ అది. కెపాసిటర్లను సమాంతరంగా కలిపి ఛార్జి చేస్తాం. తర్వాత స్పార్క్‌గ్యాపుల ద్వారా ఒక్కసారిగా వాటిని సిరీస్‌లోకి మారుస్తాం. వోల్టేజీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, ఇన్సులేటర్లు పిడుగుపాటుకు తట్టుకుంటాయో లేదో పరీక్షించేది దీంతోనే. 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, 50 మైక్రోసెకన్లకు సగానికి పడిపోయే ఆ పల్సు ఆకారాన్ని మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా గీస్తారు. జెడ్‌లో ఇలాంటి జనరేటర్లు 36 ఉన్నాయి. ఒక్కో దాంట్లో 60 కెపాసిటర్లు, మొత్తం 2,160. ఒక్కొక్కటి 85 వేల వోల్టుల దాకా ఛార్జి అవుతుంది. అరవైని పేర్చితే 51 లక్షల వోల్టులు.

అయితే మార్క్స్ జనరేటర్ ఒక్కటే చాలదు. అది విద్యుత్తును వదలడానికి మైక్రోసెకను పడుతుంది. ఫ్యూజన్‌కు అది చాలా నిదానం. అందుకే శక్తిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి, ప్రతిసారీ ఇంకా తొందరగా వంచుతూ పోతారు. చెరువు నిండడానికి నెల పట్టొచ్చు, గండి పడితే ఊరు మునగడానికి గంట చాలు. నీళ్లు అవే, మారింది కాలం. పల్స్‌డ్ పవర్ శాస్త్రమంతా ఈ గండిని మనకు కావలసిన చోట, కావలసిన క్షణాన, 36 వైపుల నుంచి ఒకేసారి కొట్టడం గురించే. ఆ గండి కొట్టే స్విచ్చులు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు నింపిన గదులు. వాటిని లేజర్ కిరణంతో మీటుతారు. ఒక్క స్విచ్చి ఆలస్యమైనా పల్సు ఆకారం చెడుతుంది.

ఆ పాత్రలు దేనితో తయారయ్యాయో చెబితే క్లాసులో ప్రతి ఏడాదీ పిల్లలు నమ్మేవారు కాదు. నీళ్లతో. అయాన్లన్నీ తీసేసిన స్వచ్ఛమైన నీరు క్షణకాలం పాటు మంచి ఇన్సులేటరు. దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 80. అంటే గాలి నింపిన కెపాసిటర్ కంటే అదే సైజు నీళ్ల కెపాసిటర్ 80 రెట్లు ఎక్కువ ఛార్జి పట్టుకుంటుంది. 33 మీటర్ల వ్యాసం ఉన్న జెడ్ యంత్రంలో బయటి వలయం నిండా ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు, లోపలి వలయం నిండా నీళ్లు, నట్టనడుమ శూన్యం ఉంటాయి. నీటి మీద నీలిరంగు మెరుపులు వల అల్లినట్టు కనిపించే ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అందరూ అదే ఫ్యూజన్ అనుకుంటారు. నిజానికి అది నీటి ఉపరితలం మీదికి పారిపోయిన కొద్దిపాటి విద్యుత్తు. అసలు పని జరిగేది మధ్యలో, కెమెరాకు కనిపించని చోట.

అక్కడ జరిగేదాన్ని మొదట పట్టిచ్చింది నిజంగానే పిడుగు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో, హార్ట్‌లీ వేల్ అనే చోట కిరసనాయిలు శుద్ధి కర్మాగారం మీద పిడుగు పడింది. పిడుగు తీగగా పెట్టిన బోలు రాగి గొట్టం నలిగి లోపలికి కుంచించుకుపోయింది. సిడ్నీకి చెందిన పొలాక్, బారక్లఫ్ ఆ గొట్టాన్ని పరిశీలించి 1905లో కారణం చెప్పారు. ఒకే దిశలో పారే కరెంట్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. కరెంటు మరీ ఎక్కువైతే, తన అయస్కాంత క్షేత్రంతో తాను పారే వాహకాన్నే నలిపేస్తుంది. దీన్నే పించ్ అంటారు. అక్షం జెడ్ దిశలో ఉంటే జెడ్-పించ్.

బోర్డు మీద ఒక్క లైనులో తేలే లెక్క ఇది. 2.6 కోట్ల ఆంపియర్లు ఒక మిల్లీమీటరు వ్యాసార్థంలోకి కుంచించుకుంటే అయస్కాంత క్షేత్రం 5 వేల టెస్లాలు దాటుతుంది. ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రాల్లో ఉండేది ఒకటిన్నరో మూడో టెస్లాలు. ఆ క్షేత్రం కలిగించే పీడనం సుమారు పది కోట్ల వాతావరణాలు. ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లెవరైనా చేయగల లెక్కే. దాన్ని నిజం చేసి చూపించడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

జెడ్ యంత్రాన్ని మొదట కట్టింది ఎక్స్‌రేల కోసం కాదు. 1985లో మొదలైనప్పుడు దాని పేరు పీబీఎఫ్ఏ-2. తేలికపాటి అయాన్ల పుంజాన్ని ఇంధన గుళిక మీద కేంద్రీకరించి ఫ్యూజన్ సాధించాలన్నది ఆశ. పుంజం కావలసినంత సన్నగా కుదరలేదు. ఈలోగా అదే ప్రయోగశాలలో మరో చిన్న యంత్రం మీద టామ్ శాన్‌ఫర్డ్ బృందం ఒక విషయం గమనించింది. పించ్ కోసం వాడే టంగ్‌స్టన్ తీగల సంఖ్య పెంచుతూ, ఒక్కో తీగను సన్నం చేస్తూ పోతే ఎక్స్‌రేల తీవ్రత అనూహ్యంగా పెరుగుతోంది. తీగలు తక్కువగా ఉంటే వాటి నుంచి పుట్టే ప్లాస్మా ముద్దలు ముద్దలుగా కూలుతుంది. దగ్గరదగ్గరగా వందల తీగలుంటే ఒకే గొట్టంలా లోపలికి కూలి, ఒకే క్షణంలో మధ్యలో ఢీకొంటుంది. 1996లో పెద్ద యంత్రాన్నీ తీగల గూళ్లకు మార్చేశారు. పది మైక్రాన్లకు అటూఇటూ మందమున్న తీగలను సూక్ష్మదర్శిని సాయంతో మనుషులు చేత్తో అమర్చేవారు. ఆ దశాబ్దం చివరికి ఎక్స్‌రే శక్తి 290 టెరావాట్లకు చేరింది. అప్పటికి ప్రపంచంలో అంతటి ఎక్స్‌రే మూలం మరొకటి లేదు. ఈ కథలో నన్ను కదిలించేది టెరావాట్లు కాదు. ఒక పెద్ద ఆశ కుదరనప్పుడు యంత్రాన్ని మూలన పడేయకుండా, పక్క గదిలో చిన్న బృందం చూపిన ఫలితాన్ని నమ్మి దారి మార్చుకున్న సంస్థ తీరు.

ఎక్స్‌రేలతో ఫ్యూజన్ ఎలా? ఇంధన గుళిక చుట్టూ వేడి ఎక్స్‌రేలు అన్ని వైపుల నుంచీ సమానంగా పడితే గుళిక పైపొర ఎగిరిపోయి లోపలి ఇంధనాన్ని నొక్కుతుంది. లేజర్లు చేసేదీ ఇదే. కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2022 డిసెంబరు 5న 20.5 లక్షల జౌళ్ల లేజర్ కాంతి పెడితే 31.5 లక్షల జౌళ్ల ఫ్యూజన్ శక్తి వచ్చింది. చరిత్రలో నిలిచే రోజే అది. కానీ ఆ లేజర్లను మండించడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది సుమారు 30 కోట్ల జౌళ్లు, అంటే 80 యూనిట్లకు పైన. వచ్చింది ఒక యూనిట్ కూడా కాదు. జెడ్ యంత్రంలో కెపాసిటర్లలో నింపిన శక్తిలో పదో వంతు కంటే ఎక్కువే ఎక్స్‌రేలుగా మారుతుంది. లేజర్ల విషయంలో అది ఒక శాతం లోపు. విద్యుత్ పల్సుల దారిని పట్టించుకోవాలని నేననడానికి మొదటి కారణం ఈ తేడా.

దీన్నిబట్టి రేపో మాపో ఇంటికి ఫ్యూజన్ కరెంటు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ రంగంలో తొందరపాటు మాటలకు పెద్ద చరిత్రే ఉంది. 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్యసమితి సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తిని అదుపులోకి తెచ్చే మార్గం దొరుకుతుందని జోస్యం చెప్పారు. 1958 జనవరిలో బ్రిటన్‌లోని హార్వెల్ శాస్త్రవేత్తలు జీటా అనే పించ్ యంత్రంలో ఫ్యూజన్ జరిగిందని ప్రకటించారు. ఆ మే నెలకే ప్రకటన వెనక్కి తీసుకున్నారు. న్యూట్రాన్లు వచ్చిన మాట నిజమే. కానీ అవి వేడి వల్ల కాక ప్లాస్మా అస్థిరత వల్ల వచ్చాయి.

ఇప్పుడు శాండియాలో తీగల గూడు స్థానంలో బెరీలియం గొట్టాన్ని పెట్టి, లోపలి డ్యుటీరియం వాయువును ముందుగా అయస్కాంత క్షేత్రంలో ఉంచి, లేజర్‌తో వేడిచేసి, ఆ తర్వాత కరెంటుతో నేరుగా నలుపుతున్నారు. ఆ పద్ధతి పేరు మాగ్‌లిఫ్. 2014లో ప్రచురించిన తొలి ఫలితాల్లో రెండు లక్షల కోట్ల న్యూట్రాన్లు వచ్చాయి. వినడానికి ఎంతో పెద్ద సంఖ్య. శక్తిగా లెక్కవేస్తే రెండు మూడు జౌళ్లకు మించదు. పెట్టింది రెండు కోట్ల జౌళ్లు. కోటి పెడితే ఒకటి వచ్చిందన్నమాట. ట్రిటియం కలిపితే ఎన్నో రెట్లు పెరుగుతుంది, కరెంటు పెంచితే ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ ఒక్కో షాట్‌తో యంత్రం నడుమ భాగమంతా ఛిద్రమై, శుభ్రం చేసి కొత్తది బిగించడానికి రోజు పడుతుంటే, సెకన్ల తేడాతో షాట్లు పేల్చాల్సిన విద్యుత్ కేంద్రం ఎంత దూరంలో ఉందో చదువరులే ఊహించగలరు. ఈ అంకెలను ప్రజల ముందు దాచకుండా పెట్టాలి. దాస్తే, ఏదో ఒక రోజు నిధులు ఆగినప్పుడు మంచి శాస్త్రం కూడా మోసంలా కనిపిస్తుంది.

మరైతే దేనికి ఇదంతా? ఒక ఉదాహరణ చెబుతాను. సూర్యుడి లోపలి పొరల్లో వేడి బయటికి ఎంత సులువుగా వస్తుందనేది అక్కడున్న ఇనుము ఎక్స్‌రేలను ఎంతగా అడ్డుకుంటుందన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ అంకెను దశాబ్దాలుగా సిద్ధాంతంతోనే లెక్కగట్టారు. కొలిచినవారు లేరు. శాండియాలో జిమ్ బెయిలీ బృందం జెడ్ ఎక్స్‌రేలతోనే చిన్న ఇనుప నమూనాను 20 లక్షల డిగ్రీలకు వేడిచేసి, ఆ ఎక్స్‌రేల వెలుగులోనే దాన్ని కొలిచింది. 2015లో నేచర్ పత్రికలో ఫలితం వచ్చింది. కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద ఇనుము సిద్ధాంతం చెప్పినదాని కంటే 30 నుంచి 400 శాతం ఎక్కువగా అడ్డుకుంటోంది. మేఘనాథ్ సాహా 1920లో అయనీకరణ సమీకరణం ఇచ్చి నక్షత్రాల వర్ణపటాలను చదవడం నేర్పిన దేశం మనది. ఆ దారిలో వచ్చిన ప్రశ్నకు జవాబు కొలిచే యంత్రం మన దగ్గర లేకపోవడం నాకు రుచించదు.

ఇక ఆయుధాల మాట. దీన్ని పక్కకు నెట్టి ఫ్యూజన్ గురించి రాయడం నిజాయతీ అనిపించుకోదు. పల్స్‌డ్ పవర్‌కు ఇప్పటి రూపమిచ్చిన చార్లీ మార్టిన్ బ్రిటన్ అణ్వాయుధ సంస్థ ఆల్డర్‌మాస్టన్‌లో పనిచేశారు. పేలుడు లోపల ఏం జరుగుతోందో క్షణకాలపు ఎక్స్‌రే ఫొటో తీయడానికే ఆ కృషి. అమెరికా తన ఆఖరి అణుపరీక్ష 1992 సెప్టెంబరులో చేసింది. ఉన్న ఆయుధాలు పనిచేస్తాయో లేదో పేల్చకుండా తెలుసుకోవడానికే జెడ్‌కు డబ్బులో పెద్ద భాగం వస్తోంది. మన భాభా అణు పరిశోధన కేంద్రంలో తయారైన కాళి యంత్రం కూడా ఈ కుటుంబంలోదే. కిలో ఆంపియర్ లీనియర్ ఇంజెక్టర్ అన్నది దాని పూర్తి పేరు. దాని చుట్టూ అల్లిన కథలు వాట్సాప్‌లో అందరికీ వచ్చే ఉంటాయి. తలుపులు మూసి ఉన్నచోట కథలే పుడతాయి.

రహస్యంగా ఉంచాల్సినవి కొన్ని ఉంటాయని ఒప్పుకుంటాను. కానీ మార్క్స్ సర్క్యూట్ రహస్యం కాదు. పించ్ రహస్యం కాదు. శాండియా వాళ్లే 2010 నుంచి జెడ్‌లో కొన్ని షాట్లను విశ్వవిద్యాలయాల మౌలిక పరిశోధనకు కేటాయిస్తున్నారు. అంతకంటే ముఖ్యం, విశ్వవిద్యాలయాల సొంత యంత్రాలు. కార్నెల్‌లో కోబ్రా, లండన్ ఇంపీరియల్ కాలేజీలో మాగ్‌పై, మిషిగన్‌లో మేజ్. అన్నీ పది లక్షల ఆంపియర్లకు అటూఇటూ. మేజ్ చూడండి: మూడు మీటర్ల వ్యాసం, 80 కెపాసిటర్లు. దాని వెనుక ఉన్నది రష్యాలోని టామ్స్క్‌లో పుట్టిన సర్క్యూట్. మధ్యలో నీళ్ల పాత్రలు అక్కర్లేకుండానే నేరుగా వంద నానోసెకన్ల పల్సు ఇస్తుంది. ఆ యంత్రాల మీద పీహెచ్‌డీ చేసినవాళ్లే తర్వాత జెడ్‌కు వెళ్తున్నారు. 2024లో 90 కోట్ల డాలర్ల పెట్టుబడితో బయటికొచ్చిన పసిఫిక్ ఫ్యూజన్ వంటి ప్రైవేటు కంపెనీలూ ఈ దారిలోనే నడుస్తున్నాయి. చైనా మియాన్‌యాంగ్‌లో కోటి ఆంపియర్ల దరిదాపు యంత్రాన్ని ఎప్పుడో కట్టేసింది.

భాభా కేంద్రం పల్స్‌డ్ పవర్ విభాగం పేరుతో వెలువడుతున్న పరిశోధన పత్రాల మీద ఇప్పుడు మా అచ్యుతాపురం చిరునామా కనిపిస్తోంది. అనకాపల్లి నుంచి బస్సెక్కితే గంటలోపు దూరం. దేశంలో ఈ విద్య బాగా తెలిసినవాళ్లు మన పొరుగునే ఉన్నారు. చుట్టుపక్కల జిల్లాల కాలేజీల నుంచి ఏటా వేలమంది ఎలక్ట్రికల్ పట్టాలతో బయటికొస్తున్నారు. వీళ్లిద్దరికీ మధ్య దారి లేదు. “మేడం, మార్క్స్ జనరేటర్ మీద ప్రాజెక్టు చేయాలని ఉంది, ఎక్కడికెళ్లాలి?” అని అడిగిన పిల్లలకు సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ చూపించి పంపిన కాలేజీలే ఎక్కువ. వాళ్లలో తెలివైనవాళ్లు రెండేళ్లకు కోడింగ్ ఉద్యోగాల్లో తేలతారు. స్పార్క్‌గ్యాప్ మోగినప్పుడు గుండె అదరడం, ఓజోన్ వాసన, ఎర్తింగ్ కడ్డీ తగిలించనిదే కెపాసిటర్ దగ్గరికి పోకూడదన్న భయభక్తులు తెరమీద నేర్చుకునేవి కావు.

కాబట్టి అణుశక్తి శాఖను, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను నేను కోరేది ఇది. రహస్య విభాగాల కంచెకు ఇవతల, విశాఖ ప్రాంతంలో పది లక్షల ఆంపియర్ల పల్సు యంత్రం ఒకటి కట్టండి. దాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్‌ఐటీ వంటి సంస్థలతోపాటు అర్జీ పెట్టుకున్న ఏ కాలేజీకైనా అందుబాటులో ఉంచండి. కెపాసిటర్లు, స్విచ్చులు బయటినుంచి తెప్పించకుండా ఇక్కడి కర్మాగారాల చేత చేయించండి. నాలుగుసార్లు పేలిపోతేనే ఐదోసారి నిలబడే వస్తువులవి, ఆ ఖర్చును నష్టం కింద రాయకండి. పాలిటెక్నిక్ డిప్లొమా చదివినవారికి టెక్నీషియన్ పోస్టులు ఇవ్వండి, తీగల గూడు అల్లే ఓపిక, చేతి నైపుణ్యం ఉన్నవాళ్లు కావాలి దానికి. షాట్లలో మూడో వంతు విద్యార్థుల పేరు మీద ఉండాలి. ఏ షాట్‌లో ఎంత కరెంటు పారింది, ఎంత ఎక్స్‌రే వచ్చింది, ఎన్ని షాట్లు విఫలమయ్యాయి అన్న వివరాలు ఏడాదిలోగా అందరికీ తెలియాలి, తెలుగులో కూడా.

ఇంత చేసినా నా జీవితకాలంలో దీన్నుంచి ఒక్క యూనిట్ కరెంటు రాదని నాకు తెలుసు. నేనడుగుతున్నది కరెంటు కాదు. మా ల్యాబులో ఆ స్పార్కును చూసి కళ్లు పెద్దవి చేసుకున్న పిల్లలకు, ఆ పని కొనసాగించే చోటు.